గోడ అవతలి వాల్వు

ఫోను ఎత్తగానే ముందు నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత మనిషి గొంతు.

"కుళాయి ఊడి చేతిలోకి వచ్చేసిందండీ. ఆయన్ని తొందరగా పంపించండి."

ఆయనంటే మా ఆయన. ప్లంబరు. ఉన్న ఫోన్లన్నీ జనాల నీళ్ళ ట్యాంకుల్లో జారవిడిచాక, ఈ ఫోను నాకు అప్పగించి చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడు ఏ ట్యాంకులో దిగి ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

అందుకని ఊళ్ళో ఎవరింట్లో పైపు పగిలినా ముందు తడిసేది నా చెవే.

తెర మీద "కుట్టుమిషను" అని ఉంది. ఆయన ఎవరికీ పేర్లు రాసుకోడు. "లీకు మాస్టారు", "సింకు జాము", "మేడమీద అరుపులు", ఇదీ వరస.

"గుడ్డ కుక్కి గట్టిగా అదిమి పట్టుకో అమ్మా. మెయిన్ వాల్వు కట్టేయించు."

"అది మా వైపు లేదండీ. గోడ అవతల ఉంది."

"అయితే గోడ అవతలివాళ్ళకి ఓ కేక వెయ్యి."

"మాకు మాటల్లేవండీ. ఆవిడ మా తోటికోడలు."

అప్పుడు గుర్తొచ్చింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని మధ్యలో గోడ లేపినప్పుడు పైపులు మార్చింది మా ఆయనే. గోడ లేస్తుంటే ఆడవాళ్ళిద్దరూ మాటా మాటా అనుకున్నారట. ఏమనుకున్నారో విన్నాడు, నాకు మాత్రం చెప్పి చావడు. అన్నదమ్ములు రోజూ టీకొట్టు దగ్గర కలుసుకుని, ఇళ్ళకి మాత్రం చెరో దారిన వెళ్తారని చెప్పాడు.

"స్కూలు యూనిఫాంలు కుట్టి కింద పేర్చానండీ. రేపు ఇచ్చెయ్యాలి. నీళ్ళు ఆ గది గుమ్మం దాకా వచ్చేశాయి. ఇక్కడ చెయ్యి తీస్తే అంతే సంగతులు."

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది.

ఆయన ఫోనులో వెతికితే "గోడవతల" అని ఇంకో నంబరు దొరికింది. నా ఫోను తీసి దానికి చేశాను.

"అమ్మా, ప్లంబరు భార్యని. మీ తోటికోడలి ఇంట్లో కుళాయి ఊడిపోయింది. మీ వైపున్న వాల్వు కాస్త కట్టెయ్యాలి."

"ఆ మాట చెప్పడానికి మధ్యలో మీరెందుకు? ఆవిడకి నోరు లేదా?" అంది పెద్దావిడ.

"ఏమంటోంది?" అంది చిన్నావిడ రెండో చెవిలో.

"కడుతున్నారు" అన్నాను. ఈ పనిలో ఆ మాత్రం అబద్ధం తప్పదు.

"డ్రమ్ము వెనకాల ఉంటుందని చెప్పండి."

"డ్రమ్ము వెనకాలట అమ్మా."

"నా ఇంట్లో ఏది ఎక్కడుందో నాకు తెలుసని చెప్పండి."

"ఆవిడకి తెలుసట."

"డ్రమ్ము లాగొద్దని చెప్పండి. తనకి నడుం పట్టేస్తుంది. పక్కనుంచి చెయ్యి పెడితే అందుతుంది."

ఈ మాట మాత్రం నేను మొయ్యదలచుకోలేదు.

రెండు ఫోన్లకీ స్పీకర్లు పెట్టాను. ఒకటి ఉప్పు డబ్బాకీ, ఒకటి పంచదార డబ్బాకీ ఆనించి, బల్ల మీద ఎదురెదురుగా నిలబెట్టాను.

"ఇక మీరే చెప్పుకోండి."

నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అక్కా" అంది చిన్నావిడ. "ఎడమవైపు నుంచి చెయ్యి పెట్టు."

డబ్బాలేవో పడ్డ చప్పుడు.

"పెట్టానే. బిగుసుకుపోయి ఉంది."

"కుడిపక్కకి తిప్పు."

"తిప్పుతున్నా. నువ్వు తడిసిపోతున్నావా?"

"తడవడానికి ఇంకేం మిగల్లేదు."

కీచుమంది వాల్వు. నీళ్ళ చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

నా ప్రాణం లేచొచ్చింది. ఎవరు ముందు ఫోను పెట్టేస్తారా అని చూశాను. ఇద్దరూ పెట్టలేదు.

"బట్టలు?" అంది పెద్దావిడ.

"ఒక్క చొక్కా అంచు తడిసింది."

"ఇస్త్రీ పెట్టెతో ఆరిపోతుందిలే." ఆ వెంటనే, "మొన్న నీ మిషను చప్పుడు లేదేం?"

"జ్వరం."

"అనుకున్నా. దగ్గు వినిపించింది. నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను."

"కిటికీలోంచి చూశాను."

"చూసి తలుపు తియ్యలేదూ?"

"నువ్వు కొట్టలేదుగా."

పెద్దావిడే ముందు నవ్వింది. కిసుక్కున, నవ్వకూడదనుకుంటూనే.

"మన మగాళ్ళు టీకొట్టు దగ్గర కలుసుకుంటారు, తెలుసా?"

"తెలుసక్కా. మనకి తెలీదనుకుని ఆయన ఇంటికొచ్చి మళ్ళీ టీ అడుగుతాడు."

"మీ బావగారూ అంతే. పాపం, రెండోది కూడా చచ్చినట్టు తాగుతారు."

ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న మనుషులు నా వంటింట్లో బల్ల మీద పగలబడి నవ్వుతున్నారు. నాకూ ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంతలో ఆయన ఫోను కుయ్‌మంది. బ్యాటరీ అడుగంటింది. వెనకాలే నాదీ.

ఇంట్లో ఉన్నది ఒకటే చార్జరు.

మాటలు పోయాక ఒకరి నంబరు ఒకరు ఉంచుకుని ఉండరు. తలుపు కొట్టేంత ధైర్యం ఇంకా వచ్చినట్టు లేదు. ఇప్పుడు లైను తెగితే మళ్ళీ ఎప్పటికో.

ఆయన ఫోనుకి చార్జరు తగిలించి, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను.

"వదినా, చార్జరు."

"ఏమైంది? ఎవరికైనా బాగాలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు. ముందు చార్జరు ఇవ్వు."

తిరిగొచ్చి, ఫోను కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో వైరు గుచ్చాను. వాళ్ళింకా మాట్లాడుతూనే ఉన్నారు.

"ఇవాళ ఏం వండావే?"

"ఇంకా ఏమీ లేదక్కా. వంటిల్లంతా నీళ్ళే."

"అయితే పొయ్యి వెలిగించకు" అంది పెద్దావిడ.