పియానోకు తోడు

బెల్లంపల్లి స్టేషన్‌లో హైదరాబాద్ రైలు కూత వేసింది. గనుల క్లబ్బులో పన్నెండేళ్లు పర్శరాములు ఫిడేలుకు జోడుగా పియానో వాయించిన ఫజలుద్దీన్, పెద్ద హోటల్లో కొలువు దొరికి వెళ్లిపోతున్నాడు.

కిటికీ పక్కన నిలబడి పర్శరాములు అన్నాడు: “పందొమ్మిదొందల యాభై ఆరుల రేడియోవాళ్లు పిలిస్తే నేను పోలే, ఫజల్ భాయ్. ఫిడేలు సంకల వెట్టుకొని యాడికన్న పోవచ్చు. నీ పియానో క్లబ్బు దాటదు. నువ్వొక్కనివైతవని ఆగిన.”

ఫజలుద్దీన్ కిటికీ దగ్గరికి వంగాడు.

“పోనని నాకు చెప్పకపోతివి రాములూ. రేడియోవాళ్లు పిలిచిన్రని క్లబ్బుల విన్న. నువ్వు పోతవనుకొని కాజీపేటల ఇంకో ఫిడేలాయనను మాట్లాడిపెట్టిన. నువ్వు పోకపాయె. ఆయనను వద్దనేటందుకు మస్తు పరేషానైన.”

రైలు కదిలింది. పర్శరాములు కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచాడు.

“మంచిగ వాయిస్తుండెనా?”

“చాలా మంచిగ.”

పర్శరాములు చువ్వ వదిలేశాడు.