ఎయిర్ ఫిల్టరు కింద చీటీ

"నెలనెలా ఎయిర్ ఫిల్టరు దులుపుతున్నానని కోతలు కోశావుగా! మరి కారెందుకిలా ఆయాసపడుతోంది?" బానెట్ ఎత్తుతూ మొగుణ్ణి నిలదీసింది డల్సీ.

"ఈ క్వీన్స్‌లాండ్ ఎర్రదుమ్ములో ఎంత దులిపినా అంతేనే," అన్నాడు మెర్వ్, కొత్త ఫిల్టరు చేతబట్టుకుని.

డల్సీ లోలోపల నవ్వుకుంది. ఏడాది కిందట ఆ ఫిల్టరు డబ్బా అడుగున తనే ఒక చీటీ అంటించింది: 'ఇది చదివితే నాకు చెప్పు. నా చేత్తో పావ్లోవా కేకు చేసిపెడతా.' మెర్వ్ ఇప్పటిదాకా నోరు మెదపలేదు. అంటే మూత తీయనే లేదు!

క్లిప్పులు ఊడదీసి, పాత ఫిల్టరును టైరుకేసి కొట్టింది. గుప్పున దుమ్ము లేచింది. డబ్బా అడుగున చీటీ అంటించింది అంటించినట్టే ఉంది.

"దొరికిపోయావు!" అంటూ దాన్ని పీకి అతని ముఖం ముందు ఆడించింది.

"వెనక కూడా చదవవే," అన్నాడు మెర్వ్, రెండడుగులు వెనక్కి వేస్తూ.

వెనకవైపు అతని రాతలో పన్నెండు తేదీలు, నెలకొకటి. వాటి కింద ఇలా ఉంది: 'ప్రతిసారీ చదివాను. చెబితే ఆ కేకు తినాల్సొస్తుందని నోరు మూసుకున్నాను.'