మిరపకాయ లెక్క

“ముప్పై కిలోల టమేటాలిస్తే ఇదేనా నువ్వు తెచ్చేది?”

మునిరత్నమ్మ తక్కెడ పైకెత్తి పట్టుకుని అడిగింది. ఎండిన టమేటా ఒరుగులు రెండుంబావు కిలోలు తూగాయి. ఎదురుగా ఖాళీ గంపతో గంగులమ్మ నిలబడి ఉంది. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి.

“ఎండితే అంతే వస్తాయమ్మా.”

“నాకు చెప్పొస్తావా? పండుమిరపకాయలు నాలుగు కిలోలు ఎండబెడితే కిలో వస్తాయి. ఆ లెక్కన ఏడు కిలోలన్నా రావల్ల. తక్కింది యాడికి పాయె?”

“మిరపకాయలో నీళ్ళేముంటాయమ్మా! టమేటా అంటే అంతా నీళ్ళే గదా. ఎండకు పోయినాయి.”

“ఎండకు పోయినాయో, మీ ఇంటికి పోయినాయో!”

అవి తోటలో ఆఖరి కోత పండ్లు. వానాకాలంలో మదనపల్లె మార్కెట్లో టమేటా ధర కొండెక్కినా పులుసుకు లోటుండదని, కోసి ఎండబెట్టి తెమ్మని మునిరత్నమ్మే గంగులమ్మకు అప్పగించింది. తను ఎప్పుడూ ఆ పని చేసి ఎరుగదు. ఎరగని పనికి లెక్క మాత్రం ఠంచనుగా కట్టింది.

ఒరుగుల్ని కెలుకుతున్న ఆమె చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. వెడల్పాటి ముక్కల మధ్య రూపాయి బిళ్ళంత చక్రాలు కనిపించాయి. గుప్పెడు తీసి గంగులమ్మ ముఖం ముందు పెట్టింది.

“మా తోటలో కాసినవి పిడికిలంత పండ్లు. ఈ గోలీకాయలు యాడివి? మా పెద్దవి నువ్వు ఉంచుకుని, ఏరుకొచ్చిన చిన్నవి కలుపుతావా?”

గంగులమ్మ ఏదో చెప్పబోయి చూపులు నేలకు దించేసింది.

మునిరత్నమ్మకు ఇంకేం సాక్ష్యం కావాలి? “రేపట్నుంచి మా గడప తొక్కొద్దు” అంది. అంతటితో ఊరుకుందా? ఆ చిన్న ఒరుగుల్ని కొంగున ముడేసుకుని కొళాయి దగ్గరా, పాలకేంద్రం దగ్గరా కనబడినవాళ్ళందరికీ విప్పి చూపించింది. వారం తిరక్కుండా గంగులమ్మను పనికి పిలిచే ఇల్లు ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు.

మునిరత్నమ్మ మొగుడు రెడ్డెప్ప ఒక్కడే నవ్వాడు. “టమేటాకు మిరపకాయ లెక్క కట్టినావంటే నువ్వు గట్టిదానివే!”

ఆ నవ్వుకు మునిరత్నమ్మకు ఒళ్ళు మండింది. “మదనపల్లె నుంచి ముప్పై కిలోలు తెప్పీయండి. నేనే ఎండబెట్టి చూపిస్తా” అని పంతం పట్టింది.

పండ్లొచ్చాయి. తనే కోసింది, తనే ఉప్పు చల్లింది. మిద్దె మీద పాత చీర పరిచి ఆరబోసి, కాకులు రాకుండా కట్టె పట్టుకుని ఎండలోనే కూర్చుంది. పొద్దు వాలకముందే తనే ఎత్తి లోపల పెట్టుకుంది. ఒక్క ముక్క పరాయి చేతిలో పడనివ్వలేదు. ఆరో రోజు గలగలమన్నాక రెడ్డెప్పను పిలిచి, ఆయన ఎదుటే తూచింది.

ఒక తట్టలో రెండు కిలోల రాయి పెట్టింది. ఒరుగుల తట్ట కిందికి దిగలేదు. చీర దులిపి పొట్టూ పొడీ కూడా పోసింది. అయినా దిగలేదు.

“గంగులమ్మ తెచ్చిందానికన్నా తక్కువే వచ్చె గదే. ఇప్పుడెవురు దొంగ?” అన్నాడు రెడ్డెప్ప. ఈసారి నవ్వలేదు.

మునిరత్నమ్మకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. గంగులమ్మకు ఎక్కువెలా వచ్చిందో మాత్రం అంతుబట్టలేదు. ఎలా వస్తేనేం, నిక్షేపంలాంటి మనిషిని నోటికొచ్చినట్టు అనేసింది. మళ్ళీ పనిలోకి రమ్మని చెప్పాలి. తప్పయిపోయిందన్న మాట నోట్లోంచి ఊడిపడుతుందో లేదో ఆమెకే తెలియదు. చెప్పులేసుకుని ఊరి చివర గంగులమ్మ ఇంటికి నడిచింది.

తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద రామక్క చేటలో బియ్యం ఏరుకుంటోంది.

“నిన్న పొద్దున్నే బెంగళూరు బస్సెక్కి పాయెనమ్మా, ఇటుకలు మోసే పనికి. దొంగని పేరు పడినాక ఈడ ఎవురు పిలుస్తారు?”

మునిరత్నమ్మ ఆమె ముఖంలోకి చూడలేక చూపు పక్కకు తిప్పుకుంది. గోడవారన నాటు టమేటా చెట్లు నాలుగైదు ఏపుగా పెరిగి ఉన్నాయి. వాటికి ఒక్క పండు లేదు.

“ఇవేంది రామక్కా, ఇట్ల బోసిగా ఉండాయి?” అంది, ఏదో ఒకటి అనాలి గనక.

“అదేందమ్మా, నీకు తెలీదా? మీ పండ్లు ఎండినాక మరీ రవ్వంత అయిపోయినాయని, అమ్మ కోప్పడతాదేమోనని, ఈ చెట్ల చిన్న పండ్లన్నీ కోసి ఎండబెట్టి మీ దాంట్లోనే కలిపేసె గదా!”