నౌక దిగడానికో కారణం

“మళ్లీ పోయావురా,” అంటూ బాలు మేడ మీద పరిచిన చార్టుపై పేర్చిన చింతపిక్కలన్నిటినీ అరచేత్తో ఒక్క ఊపున ఊడ్చేశాడు. “నా నౌకలు పైనున్నాయి. నీ సైన్యం కిందుంది. మీట నొక్కా, అంతా బూడిదయింది. ఇంక యుద్ధమెక్కడిది?”

యూసుఫ్ చింతపిక్కలు ఏరుకున్నాడు. అవి అతని సైనికులు. చార్టు మీద స్కెచ్‌పెన్నుతో గీసిన గుండ్రటి ఎర్ర బొమ్మ ఒక గ్రహం. దాని చుట్టూ ఉన్న అగ్గిపెట్టెలు చుక్కల మధ్య తిరిగే యుద్ధనౌకలు. ఒంగోల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే యూసుఫ్‌కి దీన్ని కంప్యూటర్ ఆటగా మార్చాలని కోరిక. అడ్డంకల్లా ఒకటే. గ్రహాన్ని పైనుంచే కాల్చి పారేసే నౌకలుండగా, సైనికులు కిందికి దిగి ఎందుకు కొట్టుకు చావాలి? దానికి బాలు విరగ్గొట్టలేని కారణం ఒక్కటి కావాలి. బాలుతో వాదించి నెగ్గినవాడు తమ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

తెల్లవారితే యూసుఫ్ హైదరాబాదు బస్సెక్కాలి. అక్కడ ఉద్యోగం వచ్చింది. ఈ సాయంత్రంలోగా బాలు చేత ‘సరే, దిగాల్సిందే’ అనిపించకపోతే, రెండు నెలలుగా పడ్డ పాటంతా గంగలో కలిసినట్టే. పైకి నవ్వుతున్నాడు గానీ లోపల భయంగానే ఉంది.

బాలు తల్లి వెంకటరావమ్మకీ అదే బెంగ. ఇందాక యూసుఫ్ వస్తూ ఉంటే మెట్ల దగ్గర ఆపి, ఇద్దరికీ అంటూ జంతికల పళ్లెం చేతికిచ్చింది.

“ఇవాళైనా ఒప్పుకుంటాడంటావా, నాయనా?”

“చూద్దాం, పిన్నీ.”

“ఆ ఆటేంటో నాకు తెలీదు గానీ, నువ్వే గెలవాలయ్యా,” అంది.

“సరే, ఇది విను,” అన్నాడు యూసుఫ్ జంతిక కొరుకుతూ. “గ్రహం చుట్టూ కనపడని కవచం ఉంది. నీ మంటలు లోపలికి పోవు.”

“పోయేదాకా పైనే కూర్చుంటా. నాకేం తొందర?”

“గ్రహంలో బంగారం ఉంది. కాలిస్తే నీకే నష్టం.”

“కాలుస్తానని బెదిరిస్తే వాళ్లే తెచ్చిస్తారు.”

“కింద నీవాళ్లే చిక్కుకున్నార్రా!”

“వాళ్ల ఖర్మ,” అన్నాడు బాలు. పెరిగిన గడ్డం గోక్కుంటూ అటు తిరిగి కూర్చున్నాడు.

యూసుఫ్ లేచి పిట్టగోడ దగ్గరికెళ్లాడు. మాఘమాసపు మధ్యాహ్నం. ఇంటి వెనక కల్లమంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. దాని వెనక మరో కల్లం, ఇంకా వెనక మరొకటి, చూపు ఆనినంత మేరా ఎరుపే. గాలిలో సన్నటి ఘాటు. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు నిద్రలో విన్నట్టు వినిపిస్తోంది. కాసేపు కళ్లు సగం మూసి చూస్తే, తాము నిలబడిన మేడే మెల్లగా కదులుతూ ఎర్రటి గ్రహం మీద తేలిపోతున్నట్టు అనిపించింది. హాయిగా ఉంది. ఇక్కడే ఉండిపోతే ఏం పోయింది అనిపించేంత హాయి. యూసుఫ్ కళ్లు నులుముకున్నాడు.

“జక్రయ్యన్న కాయ ఈసారి బ్రహ్మాండంరా,” అన్నాడు. బాలు తండ్రి బాపయ్య నిరుడు పోయాక, పొలమూ కల్లమూ జక్రయ్యే కౌలుకి చేస్తున్నాడు. “అంతా ఎరుపే. తెల్లబడ్డ తాలుకాయ ఒక్కటి లేదు. ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.”

“పరుపులు కుట్టే ఇంట్లో పుట్టావు, మిరపకాయ సంగతి నీకేం తెలుసురా?” బాలు విసుగ్గా లేచొచ్చి పక్కన నిలబడ్డాడు. “పైపొర ఎప్పుడూ ఎర్రగానే ఉంటది. నేల చెమ్మ తగిలేది అడుగు పొరకి. మూడ్రోజుల్నుంచి మంచు పడతా ఉంది. తిరగెయ్యలేదల్లే ఉంది, అడుగునంతా తాలైపోద్ది.”

“ఇక్కణ్ణుంచి కనిపెట్టలేమా?”

“లేం.”

“దుర్భిణి పెట్టి చూస్తే?”

“పెట్టినా పైపొరే కనపడేది. చెయ్యి అడుగు దాకా పెట్టాలి. దానికి దిగాల్సిం…”

బాలు ఆగిపోయాడు.

“దొంగ సచ్చినోడా! నా చేతే చెప్పించావు కదరా.”

“రాసుకోమంటావా?”

బాలు కల్లం వంకే చూస్తున్నాడు.

“జక్రయ్యతో చెప్పు, తిరగెయ్యమని.”

“చీరాల వెళ్లాడు. రేపటికి గాని రాడు.”

“నువ్వు తిరగెయ్.”

“కాయ పగలకుండా తిరగెయ్యడం నాకు రాదురా. సగం నా కాళ్ల కిందే పోద్ది.”

ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. బాలు పిట్టగోడ వదిలి మెట్లవైపు నడిచాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. యూసుఫ్ రెండు మెట్లు వెనకే దిగాడు, తాకకుండా.

కల్లంలో బాలు గొంతుక్కూర్చుని మిరపకాయల్లోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చాడు. గుప్పెడు తీసి చూపించాడు. సగం తెల్లగా ఉన్నాయి.

“చూశావా?” అన్నాడు యూసుఫ్‌తో. తర్వాత వాకిలివైపు తిరిగి, “అమ్మా, ఒక టార్పాలిన్ పట్టా పట్రా. పొద్దు పోకముందే తిరగెయ్యాలి,” అని కేకేశాడు.

వెంకటరావమ్మ గడప దగ్గర చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏడుపాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తండ్రి పెద్దకర్మ నాడు మేడెక్కిన బాలు మళ్లీ నేల మీద కాలు పెట్టింది ఈరోజే.