పీత కుబుసం

చిట్టీ,

ఇవాళ మా బావగారు పీత చచ్చిపోయిందని పరామర్శకి దిగబడ్డారు. నా కొడుకు పోయిన రోజున గుమ్మంలోనే నిలబడి గడియారం చూసుకున్న పెద్దమనిషి, వాడు శంఖంలో దూరి బతికే పీతని పెంచుకున్న ఉప్పునీళ్ళ తొట్టి ముందు మాత్రం జేబురుమాలు తీశారు.

ఇసక మీద కాళ్ళూ మీసాలూ కళ్ళతో సహా పీత వెల్లకిలా పడి ఉంది. నేనూ పోయిందనే అనుకున్నాను.

"వాడి గుర్తు ఇదొక్కటే మిగిలింది, అదీ పోయిందమ్మా," అన్నారు. "ఏడాది తిరక్కుండానే ఆ కోడలు రెండో పెళ్ళికి పరిగెడితే, దీన్ని చూసే దిక్కెవరు?"

నీళ్ళలో చెయ్యి పెట్టి దాన్ని తీసి, కాగితంలో పొట్లం కట్టారు.

అంతలో రాయి వెనక శంఖం కదిలింది. లేత గులాబీ ఒంటితో మన పీత తొంగి చూసింది. పాములాగే ఇదీ కుబుసం విడుస్తుందని మావాడు ఎన్నిసార్లు చెప్పాడో!

"బావగారూ, మీరు ఏడ్చింది దాని తోలుకి. అసలుది అదుగో!"

ఆ మొహం నువ్వు చూడాల్సింది. పొట్లం ఎక్కడ పెట్టాలో కూడా తెలీలేదు. నాకు నవ్వాగలేదు.

"ఇంట్లో మనిషి పోతే నవ్వెలా వస్తుందమ్మా నీకు?"

"పోయినవాడి కోసం నేను ఏడుస్తాను. బతికున్నవాళ్ళ మీద పడి మీరు ఏడవకండి."

పొట్లంతోనే వెళ్ళిపోయారు. ఊరంతా చాటుతారు, చాటనీ.

శనివారం నీ పెళ్ళికి వస్తున్నాను. నిన్ను కోడలిగా తెచ్చుకున్న రోజు కట్టిన చీరే కట్టుకొస్తాను. ఈ మాటలకి బెంగపడి పస్తులుండకు. కడుపునిండా తిను.