బెల్టు ఆగకూడదు

“ఒక్క షిఫ్టు ఆపండమ్మా. సరిగ్గా మీ నెత్తి మీదే దూలం కోయాలి.”

మరమ్మతుల కాంట్రాక్టరు కాళ్ళ మీద పడకపోవడం ఒక్కటే తక్కువ. సూపర్‌వైజరు అతని వైపు తలైనా తిప్పలేదు. ఆమె చూపు బెల్టు మీద ఉంది. కొలిమి వైపు నుంచి సీసాలు బారులు తీరి వస్తున్నాయి. వెలుగుతున్న తెల్ల పలక ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్క సీసానూ కళ్ళతో జల్లెడ పడుతున్నారు.

“ఆపితే మా ఆర్డర్లకు మీరు జవాబు చెబుతారా?”

“ఆపితే కొంపలేం మునగవు. నా మాట నమ్మండి.”

“మీ కొంప మునగదు లెండి. కూల్చడమే కదా మీ కొలువు!”

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. కాంట్రాక్టరు ఏదో చెప్పబోయి, మేనేజరు గది వైపు చూసి, నోరు మూసుకున్నాడు. తర్వాత ఆ గదిలోకే వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి అతని మొహం కందగడ్డలా ఉంది.

“మీ సారూ ఆపనన్నారు. ఇక మీ ఇష్టం, మీ కర్మ.”

గాజు ఫ్యాక్టరీని తిరిగి కడుతున్నారు. కొలిమిని మాత్రం ఆర్పడానికి వీల్లేదు. చల్లారితే కరిగిన గాజు లోపలే గడ్డకట్టి, కొలిమి మొత్తాన్నీ పొట్టన పెట్టుకుంటుంది. కనుక ఒక పక్క పని నడుస్తుండగానే పాతవాటిని ఊడదీయాలి, కొత్తవాటిని బిగించాలి. అందుకని హాలును నిలువునా చీలుస్తూ టార్పాలిన్ పరదా కట్టారు. ఇవతల సీసాల తనిఖీ. అవతల ప్యాకింగూ, మరమ్మతులూ. పరదాకు కోసిన కంతలోంచి బెల్టు అవతలికి పోతుంది. లైను మనుషులెవరూ పరదా దాటకూడదని కట్టడి. పొద్దస్తమానం అటు నుంచి సుత్తుల మోత, ఏవో విరిగిపడుతున్న చప్పుడు. ఆ మోతకూ, దుమ్ముకూ అందరూ కాంట్రాక్టరునే తిట్టిపోసేవారు.

ఆ తిట్లలో సూపర్‌వైజరుదే పెద్ద గొంతు. అందుకు కారణం లేకపోలేదు. పనులు మొదలైన రోజున మేనేజరు ఆమెను తన గదికి పిలిపించాడు. కూర్చోమనలేదు.

“కొత్త లైనులో సీసాలను కెమెరాలే చూస్తాయి. మీ ఆడవాళ్ళతో పని ఉండదు. అయితే ఒక మాట. పనులు పూర్తయ్యేదాకా బెల్టు ఆగకుండా నడిపించి చూపించండి. మనుషులే మేలని పైవాళ్ళకు నేను నచ్చజెబుతాను.”

“ఆగదు సార్.”

ఆ చిన్న మాటకు ఆమె తన వాళ్ళందరి బతుకులనూ ముడివేసింది. అప్పటి నుంచి ఆమె మనిషి కాదు, కొరడా. మంచినీళ్ళకు లేస్తే కసిరింది. ఎవరైనా దగ్గితే, ఇంటికెళ్ళి దగ్గుకోమంది. సొంత తమ్ముడి పెళ్ళాన్ని కూడా విడిచిపెట్టలేదు.

“వదినా, కంట్లో దుమ్ము పడింది. మొహం కడుక్కొస్తా.”

“రెండోది బాగానే ఉందిగా. దాంతో చూడు.”

“ఇంట్లో వదినవి, ఇక్కడ యముడివి!”

“ఇంట్లో కూడా అదే మాటంటావని మా తమ్ముడు చెప్పాడులే. ముందు సీసా చూడు.”

అప్పుడప్పుడూ తెల్ల హెల్మెట్ల పెద్దమనుషులు దిగేవారు. మేనేజరు వాళ్ళను పరదాకు ఇవతలే నిలబెట్టి, కదులుతున్న బెల్టును చూపించి, “క్షణం ఆపలేదు” అనేవాడు. వాళ్ళు తలలూపి, ఫొటోలు తీసుకుని, టీ తాగి వెళ్ళిపోయేవారు. ఆ ఆడవాళ్ళ మొహాల వైపు ఒక్కరూ చూసేవారు కారు. ఒక్క సీసానైనా చేతిలోకి తీసుకున్నవాడూ లేడు.

గ్యాసు మంటతో ఇనుప దూలం కోత మొదలైంది. కింద వల కట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎర్రగా కాలిన ఇనుప ముక్క ఒకటి ఆ వలను కాల్చుకుంటూ జారి, మరదలి కుడి చేతి మీద పడింది.

ఆ కేకకు అందరూ లేచి నిలబడ్డారు. కాంట్రాక్టరు నిచ్చెన దిగి పరుగున వచ్చి బెల్టు స్విచ్చు మీద చెయ్యి వెయ్యబోయాడు. సూపర్‌వైజరు అడ్డంగా నిలబడింది.

“ముట్టుకున్నావో, మర్యాద దక్కదు!”

“మనిషి కాలిందమ్మా!”

“కాల్చింది నువ్వు. ఆసుపత్రికి మోసుకెళ్ళేదీ నువ్వే. నడు!”

“గాజుముక్కల కోసమా ఇదంతా?” అన్నాడతను. ఆమె మరదలి పీట మీద తనే కూర్చుని, వచ్చిన సీసాను వెలుగుకు ఎదురుగా పట్టుకుంది. మిగిలినవాళ్ళు గుడ్లనీరు కుక్కుకుని ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

“వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయో లేదో చెప్పలేమంటున్నారు. నువ్వు లైను కూడా ఆపలేదటగా?”

“ఆపితే దాని ఉద్యోగం పోతుందిరా.”

“ఏ చేత్తో చేస్తుందక్కా ఇంక ఉద్యోగం?”

ఫోన్ పెట్టేశాడు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకునేలోగా ఒక సీసా చూడకుండా వెళ్ళిపోతుంది.

మేనేజరు వచ్చాడు. మరదలి సంగతి అడగలేదు. బెల్టు వైపు చూసి, “బాధ్యతంటే ఇదీ” అని వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళగానే, కంత దగ్గర సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ నిలిచిపోయాయి. అవతల ఎక్కడో చిక్కుకున్నట్టుంది. ఆమె కేక వేసింది. మోతలో ఎవరికీ వినపడలేదు. ఇంత జరిగాక, ఎవడో ఒళ్ళు దాచుకునే ప్యాకింగువాడి మూలంగా బెల్టు ఆగడమా? ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి చెంప పగలగొట్టడానికే కట్టడిని తోసిరాజని, పరదా ఎత్తి అవతలికి దూరింది.

అక్కడ అట్టపెట్టెలు లేవు, లారీలు లేవు, ప్యాకింగువాళ్ళూ లేరు. బెల్టు చివర నిలబడిన ఇద్దరు మనుషులు, ఆమె తనిఖీ చేసి పంపిన మచ్చలేని సీసాలను వచ్చినవి వచ్చినట్టు సుత్తులతో చితక్కొట్టి, ఆ పెంకులను మళ్ళీ కొలిమికే పోయే తొట్టిలోకి ఎత్తిపోస్తున్నారు.