అడుగు గుడ్డ

“ఇవేవీ కాదండీ. ఆ కింద పరిచిందేదో ఉంది చూడండి, అది కావాలి” అంది కొత్తింటావిడ.

అద్దకం మేస్త్రికి ముందు అర్థం కాలేదు. గంట నుంచీ తన ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని బల్ల మీద కుప్ప పోస్తున్నాడు. లతలు, చిలకలు, గళ్ళు, గళ్ళలో చిలకలు. ఆవిడ వాటన్నిటినీ పక్కకి జరిపి, బల్లకి బిగించి ఉన్న అడుగు గుడ్డ మీద చెయ్యి పెట్టింది. పైగుడ్డ మీద అచ్చు కొట్టినప్పుడు దిగే రంగు బల్లకి అంటకుండా వేసే గుడ్డ అది. మసిగుడ్డకి పెద్దక్క అనుకోవచ్చు.

“వెలిసిన పువ్వు మీద కొత్త పువ్వు, మధ్యలో వేలికొనంత నీలం చుక్కలు. మా హాలు కిటికీలకి సరిగ్గా ఇలాంటిదే వెతుకుతున్నాను. తిరగని కొట్టు లేదు. ఎవరి డిజైనండీ ఇది?”

ఎవరిదీ కాదమ్మా, ఒలికిన రంగు అనాలి. అంటే ఏమీ పోయేది కాదు. కానీ తన సరుకంతా వదిలేసి మసిగుడ్డని మెచ్చుకుంటుంటే మేస్త్రికి ఎక్కడో చురుక్కుమంది.

“నాదేనమ్మా” అన్నాడు.

మూల కుళాయి దగ్గర రంగు గిన్నెలు కడుగుతున్న అతని భార్య తలెత్తి చూసింది. మళ్ళీ గిన్నెల పనిలో పడింది.

“అయితే ఆరు తెరలు కావాలి. అచ్చం ఇలాగే ఉండాలి. పదిహేనో తారీఖున చుట్టాలు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. ఇవి వేసింది మీరేనని అందరికీ చెబుతాను” అని ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

మేస్త్రి మర్నాడే పని మొదలుపెట్టాడు. మొదటి గుడ్డ మీద పువ్వులు ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లల్లా వరసగా వచ్చాయి. రెండోదాని మీద కళ్ళు మూసుకుని అచ్చు కొట్టాడు. మూడోదాని మీద చేత్తో రంగు చిలకరించి చూస్తే అక్కడేదో కొట్లాట జరిగినట్టు తయారైంది. ఒలికిన రంగుకి ఇంత ఒద్దిక ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి అంతుపట్టలేదు.

“ఏవండీ, ఆ నీలం కాస్త పల్చన చేసి చూడకూడదా?” అంది భార్య వెనక నించుని.

“గిన్నెలు కడగడం వేరు, అద్దకం వేరు. నీ పని నువ్వు చూసుకో.”

ఆవిడ వెళ్ళి తన పని చూసుకుంది.

పది గుడ్డలు పాడయ్యాయి. ఇన్నేళ్ళూ నలుగురికి పని నేర్పినవాడు మసిగుడ్డ చేతిలో ఓడిపోయాడు. ఇది ఎవరితోనూ చెప్పుకునే ఓటమి కాదు. ఒంట్లో నలతగా ఉందని మేస్త్రి మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులు అద్దకం షెడ్డు మొహం చూడలేదు. “నేను వెళ్ళి ఊడ్చొస్తా” అని భార్య బయల్దేరుతుంటే దుప్పటి తల మీదకి లాక్కున్నాడు.

“కొత్తింటావిడకి ఏం చెబుదామండీ?” అని మాత్రం ఒకసారి అడిగింది.

“చెప్పాల్సిందేదో నేనే వెళ్ళి చెప్పుకుంటాను. నువ్వు కల్పించుకోకు.”

పదిహేనో తారీఖు పొద్దున బయల్దేరాడు. దారిలో నాలుగు అబద్ధాలు కల్పించుకున్నాడు. రంగు దొరకలేదని ఒకటి, అచ్చు విరిగిందని ఒకటి. ఆవిడ గుమ్మం చేరేసరికి ఒక్కటీ గుర్తు లేదు. లోపల్నించి చుట్టాల మాటలు వినిపిస్తున్నాయి.

“రండి మేస్త్రిగారూ. నూరేళ్ళు మీకు, ఇప్పుడే మీ సంగతే చెబుతున్నాను” అంటూ ఆవిడ ఎదురొచ్చింది.

“లోపలికొస్తే చెప్పలేనమ్మా, ఇక్కడే వినండి. ఆ డిజైన్ నాది కాదు. నాదేంటి, ఎవరిదీ కాదు. బల్ల మీద ఒలికిన రంగు. నా సరుకు కాదని దాన్ని మెచ్చుకునేసరికి మనసొప్పక నాదన్నాను. తీరా చూస్తే నా చేతికి రాలేదు. పచ్చి అబద్ధం చెప్పాను. తప్పయిపోయింది, క్షమించండి.”

లోపలున్న చుట్టాలు గుమ్మం వైపు తిరిగారు. నలుగురూ విన్నారు. మేస్త్రి చెవులు మండుతున్నాయి. ఈ వయసులో పరాయివాళ్ళ గుమ్మంలో తల దించుకుని నిలబడాల్సి వచ్చిందని సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా పీకల మీంచి ఏదో దిగిపోయినట్టు కాస్త ఊపిరాడింది.

కొత్తింటావిడ నవ్వి, హాలు తలుపు పూర్తిగా తెరిచింది.

కిటికీలకి ఆరు తెరలు వేలాడుతున్నాయి. వెలిసిన పువ్వు మీద కొత్త పువ్వు, మధ్యలో వేలికొనంత చుక్కలు, పల్చటి నీలం. ఒలికిన రంగు ఆరుసార్లు ఒకేలా ఒలకదు. అంటే ఆ అడుగు గుడ్డ కూడా ఎవరో కూర్చుని వేసిందే. తను ఇంటికి వెళ్ళిపోయాక, కడగాల్సిన గిన్నెల్లో మిగిలిన రంగుతో, ఎన్నాళ్ళ నుంచో. చుట్టాల ముందు పడ్డ సిగ్గు ఇప్పుడు మేస్త్రికి ఒక లెక్కలోకి రాలేదు.

“ఇవి ఎవరు...” అని అడగబోయాడు.

“నిన్న మీ ఆవిడ తెచ్చిచ్చారుగా. ‘అన్నీ మా ఆయన వేసినవేనమ్మా, రేపొచ్చి నావి కావంటారు, మీరు నమ్మకండి’ అని అప్పుడే చెప్పి వెళ్ళారులెండి.”